ఫ్రీ సాఫ్ట్‌వేర్ దించుకునేటప్పుడు వెంట చెత్త రాకుండా చూసుకోవడం ఎలా

“అన్నా, సిస్టమ్ కొని నెల కాలే, అప్పుడే స్లో అయింది, క్రోమ్ తెరిస్తే గూగుల్ రాదు, ఇంకేదో పేజీ వస్తది, కింద మూలకు ఊకె యాడ్ లేస్తది, వైరస్ పడ్డదేమో జర చూడు.” నల్లగొండలో కంప్యూటర్లు బాగుచేసే ఎవరిని అడిగినా రోజూ వినే మాటే ఇది. తీరా తెరిచి చూస్తే చాలావాటిలో వైరస్ ఉండదు. వీడియో ప్లేయర్ కోసమో, పీడీఎఫ్ కోసమో, ప్రింటర్ డ్రైవర్ కోసమో ఏదో ఒక సైట్‌కి పోయి దించుకున్న ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంటుంది, దాని వెంట పిలవకుండా వచ్చి కూర్చున్న నాలుగైదు వేరే ప్రోగ్రాములు ఉంటాయి. వాటికి సరే అని నొక్కింది కూడా ఆ మనిషే. కాకపోతే నొక్కినట్టు ఆయనకు తెలియదు, తెలియకుండా ఉండేలాగే ఆ స్క్రీన్లు తయారుచేస్తారు. అందుకే ఇలాంటి వాళ్లను “చూసుకోవద్దా” అని తిట్టడం నాకు నచ్చదు, ఏం చూసుకోవాలో ఎవరూ చెప్పకపోతే ఎట్లా చూసుకుంటారు? ఆ చూసుకోవాల్సినవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే మిగతా అంతా తేలిక. కారణం డబ్బులు. బ్రౌజర్ పైన అదనపు పట్టీ పెట్టే టూల్‌బార్ కంపెనీయో, సెర్చ్ కంపెనీయో, “మీ పీసీ స్పీడ్ పెంచుతాం” అనే కంపెనీయో తన ప్రోగ్రామ్ ఒక కంప్యూటర్‌లో ఎక్కిన ప్రతిసారీ, ఎక్కించిన సైట్‌కి ఇంత అని ఇస్తుంది. మనకు ఫ్రీగా వచ్చిన వీడియో ప్లేయర్‌ని ఇంకో ఇన్‌స్టాలర్‌లో చుట్టి, మధ్యలో ఈ ఆఫర్లు పెట్టి ఇస్తే ఆ సైట్‌కి ఆదాయం. అసలు ప్రోగ్రామ్ రాసిన వాళ్లకు ఇందులో చాలాసార్లు సంబంధమే ఉండదు. 2011 డిసెంబర్‌లో ఎన్‌మ్యాప్ అనే నెట్‌వర్క్ టూల్ తయారుచేసిన గోర్డన్ లయన్ ఇదే విషయం మీద బహిరంగంగా మండిపడ్డారు, సాఫ్ట్‌వేర్ పంచే డౌన్‌లోడ్ డాట్ కామ్ సైట్ తన ప్రోగ్రామ్‌కి సొంత ఇన్‌స్టాలర్ తొడిగి టూల్‌బార్‌తో కలిపి ఇస్తోందని. ఫోటోలు దిద్దే జింప్ వాళ్లు 2013లో ఇలాంటి గొడవతోనే ఫ్రీ ప్రోగ్రాములు దొరికే సోర్స్‌ఫోర్జ్ సైట్ నుంచి తమ విండోస్ ఫైళ్లు తీసేసుకున్నారు, 2015లో అదే జింప్‌కి యాడ్స్ చుట్టిన ఇన్‌స్టాలర్ ఆ సైట్‌లో కనబడి పెద్ద రచ్చయింది, 2016లో సైట్ కొత్త యాజమాన్యం చేతికి వచ్చాక ఆ పద్ధతి ఆపేశారు. ఒరాకిల్ వాళ్ల జావా ఎక్కించినా చాలా ఏళ్లు ఆస్క్ టూల్‌బార్ వెంట వచ్చేది. అంటే పెద్ద పేరున్న చోట కూడా జరిగింది, కాబట్టి “పెద్ద సైటే కదా” అన్న ధీమా పనికిరాదు.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది, నన్ను ఎక్కువ బాధపెట్టేది కూడా అదే. దేవరకొండలోనో కల్వకుర్తిలోనో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో ఒకే సిస్టమ్ మీద ఊళ్ల నుంచి వచ్చిన వాళ్ల ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్, భూమి కాగితాలు, పిల్లల స్కాలర్‌షిప్ లాగిన్, ఓటీపీ అన్నీ నడుస్తాయి. ఆ సిస్టమ్ బ్రౌజర్‌లో ఎవరికీ తెలియని ఒక ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి అతుక్కునే చిన్న ప్రోగ్రామ్) కూర్చుని, “అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటా చదవడానికి, మార్చడానికి” అనుమతి తీసుకుని ఉంటే, ఆ బ్రౌజర్‌లో టైప్ చేసే ప్రతిదీ అది చూడగలదు. కౌంటర్ ముందు నిలబడ్డ పెద్దాయనకు అది తెలిసే దారే లేదు. అక్కడ జాగ్రత్త పడాల్సింది సిస్టమ్ నడిపేవాళ్లే.

దించే ముందు: అసలు అవసరమా?

సగం సమస్య ఇక్కడే తీరుతుంది. పీడీఎఫ్ చేయడానికని “ఫ్రీ పీడీఎఫ్ కన్వర్టర్” వెతికేవాళ్లు చాలామంది. విండోస్ 10 నుంచే ప్రింట్ నొక్కితే ప్రింటర్ల లిస్టులో “మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్” అని ఉంటుంది, అది ఎంచుకుంటే ప్రింట్ ఇవ్వగలిగే ఏ ఫైలైనా పీడీఎఫ్ అవుతుంది. పరీక్ష అప్లికేషన్‌కి ఫోటో 50 కేబీ లోపు కావాలంటే దానికో సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, పెయింట్‌లో తెరిచి రీసైజ్‌లో పిక్సెళ్లు తగ్గించి జేపెగ్‌గా సేవ్ చేస్తే చాలు. జిప్ ఫైల్ విప్పడం విండోస్‌కే వచ్చు. స్క్రీన్ ఫోటో తీయాలంటే విండోస్ మీట, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కాలి.

తెలుగు టైపింగ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన వాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇందులోనే. గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ అని విండోస్‌లో నెట్ లేకుండా పనిచేసే తెలుగు టైపింగ్ ప్రోగ్రామ్ ఒకప్పుడు ఉండేది, గూగుల్ దాన్ని ఇవ్వడం ఎప్పుడో ఆపేసింది, నెట్ ఉంటే బ్రౌజర్‌లో వాడేదే మిగిలింది. కానీ “గూగుల్ తెలుగు ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ ఫ్రీ” అని వెతికితే ఇప్పటికీ పేజీల కొద్దీ సైట్లు వస్తాయి. వాటిలో ఒక్కటి కూడా గూగుల్‌ది కాదు, ఆ ఫైల్‌కి ఎవరు ఏం కలిపారో చూసినవాడు లేడు. దాని బదులు విండోస్‌లోనే ఉన్నది వాడండి. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్, తెలుగు కలపండి, దాని ఆప్షన్స్‌లోకి పోయి కీబోర్డ్‌లలో “తెలుగు ఫొనెటిక్” ఎంచుకోండి. ఇంగ్లిష్ అక్షరాలతో అమ్మ అని కొడితే తెలుగులో పడుతుంది, 2019లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి ఇది ఉంది. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లిష్‌కి, తెలుగుకి మారుతూ ఉంటుంది. ఫాంట్లు కావాలంటే మండలి, సురన్న, ఎన్టీఆర్, రామరాజ, పెద్దన, ధూర్జటి లాంటివి గూగుల్ ఫాంట్స్ సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. ఫాంట్ అంటే టీటీఎఫ్ ఫైల్, లేదా టీటీఎఫ్‌లు ఉన్న జిప్. ఎవరైనా “తెలుగు ఫాంట్ ప్యాక్” అని ఎగ్జీ ఫైల్ (నొక్కగానే ప్రోగ్రామ్ నడిచే రకం) ఇస్తే ముట్టుకోకండి.

ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి

సూత్రం ఒకటే, తయారుచేసినవాళ్ల సొంత సైట్ నుంచి. పత్తి విత్తనాల ప్యాకెట్ కొనేటప్పుడు కంపెనీ పేరు, లాట్ నంబరు, సీలు చూసి బిల్లు అడిగి తీసుకునే రైతు ఎట్లా ఉంటాడో, ఇక్కడా అట్లాగే ఉండాలి. వీడియోలు చూసే వీఎల్‌సీకి వీడియోలాన్ డాట్ ఆర్గ్, జిప్ ఫైళ్లు విప్పే 7-జిప్‌కి 7-జిప్ డాట్ ఆర్గ్, మధ్యలో చిన్న గీత ఉన్నది. వర్డ్, ఎక్సెల్ లాంటి పనికి లిబ్రేఆఫీస్ డాట్ ఆర్గ్. ఫోటోలకు జింప్ డాట్ ఆర్గ్. స్క్రీన్ రికార్డింగ్‌కి ఓబీఎస్ ప్రాజెక్ట్ డాట్ కామ్. ఈ ఐదూ ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుంటే మామూలు ఇంటికి కావాల్సినవి చాలావరకు వచ్చేస్తాయి.

సొంత సైట్ ఏదో తెలియనప్పుడు గూగుల్‌లో వెతికి మొదట వచ్చింది నొక్కడం అన్నిటికంటే ప్రమాదం. పైన “స్పాన్సర్డ్” అని వచ్చేవి డబ్బులు కట్టి పెట్టించుకున్న యాడ్స్. 2023 మొదట్లో వీఎల్‌సీ, 7-జిప్, ఓబీఎస్ పేర్లతోనే నకిలీ యాడ్స్ గూగుల్‌లో తిరిగాయి, నొక్కినవాళ్లకు పాస్‌వర్డ్‌లు ఎత్తుకుపోయే ప్రోగ్రాములు దిగాయి. అదే ఏడాది అక్టోబర్‌లో కీపాస్ అనే పాస్‌వర్డ్ ప్రోగ్రామ్ పేరుతో వచ్చిన యాడ్ ఇంకా ఘోరం, అడ్రస్‌లో ఒక అక్షరం కింద చిన్న చుక్కలాంటి గుర్తు తప్ప అంతా అసలు దానిలాగే ఉంది. కాబట్టి స్పాన్సర్డ్ అన్నది దేన్నైనా సాఫ్ట్‌వేర్ కోసం నొక్కకండి, ఒక్క మినహాయింపు కూడా పెట్టుకోకండి. ఆ ప్రోగ్రామ్ గురించి వికీపీడియా పేజీ తెరిచి, పక్కన ఉండే పెట్టెలో వెబ్‌సైట్ అని ఉన్న లింక్ నుంచి పోతే చాలావరకు సరైన చోటికే చేరతారు.

డౌన్‌లోడ్ పేజీకి చేరాక కూడా ఒక నిమిషం ఆగాలి. యాడ్స్ ఉన్న సైట్లలో పెద్ద పచ్చ బటన్లు రెండు మూడు “డౌన్‌లోడ్” అని మెరుస్తూ ఉంటాయి, అసలు లింక్ ఎక్కడో సన్నటి అక్షరాల్లో ఉంటుంది. నొక్కకుండా మౌస్ బాణం దాని మీద పెట్టి ఊరుకోండి, బ్రౌజర్ కింద ఎడమ మూలన అది ఏ అడ్రస్‌కి పోతుందో కనబడుతుంది. మనం ఉన్న సైట్‌కి సంబంధం లేని పేరు కనిపిస్తే అది యాడ్.

సొంత సైట్ అయినా ఒక్కోసారి కళ్లు తెరిచి ఉండాలి. వెబ్‌సైట్ సర్వర్‌కి ఫైళ్లు ఎక్కించే ఫైల్‌జిల్లానే తీసుకోండి, మంచి ప్రోగ్రామే, కానీ వాళ్ల పేజీలో మొదట కనిపించే విండోస్ ఇన్‌స్టాలర్‌లో ఆఫర్లు ఉండొచ్చని వాళ్లే చిన్నగా రాస్తారు, ఆఫర్లు లేనిది కావాలంటే ఇంకా డౌన్‌లోడ్‌లు చూపు అనే లింక్‌లోకి పోవాలి. చదివినవాళ్లకు మంచిది దొరుకుతుంది, చదవనివాళ్లకు ఆఫర్లది.

ఒకేసారి పది ప్రోగ్రాములు ఎక్కించాల్సిన వాళ్లకు, అంటే కొత్త సిస్టమ్ తయారుచేసే షాపువాళ్లకు, నినైట్ అనే సైట్ చాలా పనికొస్తుంది. కావాల్సినవి టిక్ పెట్టుకుంటే ఒక చిన్న ఫైల్ ఇస్తుంది, అది అసలు సైట్ల నుంచే తాజా వెర్షన్లు దించి, మధ్యలో వచ్చే టూల్‌బార్లన్నిటికీ వద్దు అని తానే చెప్పి ఎక్కిస్తుంది. నెక్స్ట్ నొక్కే పనే ఉండదు. మైక్రోసాఫ్ట్ స్టోర్ కూడా ఫరవాలేదు, కాకపోతే అక్కడా పేరు పోలిన నకిలీలు ఉంటాయి, పేరు కింద పబ్లిషర్ ఎవరో చూసి తీసుకోవాలి.

డ్రైవర్లు

డ్రైవర్ అంటే ప్రింటర్ లాంటి మిషన్‌ను కంప్యూటర్‌తో పనిచేయించే ప్రోగ్రామ్, దీనికి వేరే చోటు ఇవ్వాల్సిందే. మన జిరాక్స్ షాపుల్లో ఎక్కడ చూసినా ఉండే ఆ చిన్న క్యానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్, సిస్టమ్ ఫార్మాట్ కొట్టగానే దాని డ్రైవర్ వెతకాలి. డ్రైవర్ పేరు కొడితే వచ్చే సైట్లలో సగం డ్రైవర్ ఇవ్వవు, “డ్రైవర్ అప్‌డేటర్” ఇస్తాయి. దాన్ని ఎక్కిస్తే అది సిస్టమ్ అంతా వెతికినట్టు నటించి, ఇన్ని డ్రైవర్లు పాతబడ్డాయి అని ఎర్ర అక్షరాలతో భయపెట్టి, సరిచేయాలంటే డబ్బు కట్టు అంటుంది. ప్రింటర్ మాత్రం నడవదు. ఎదురుగా గిరాకీ నిలబడి ఉంటాడు, మనం టెన్షన్‌లో ఇంకో సైట్ నొక్కుతాం, ఇంకోటి దిగుతుంది. షాపు సిస్టమ్‌లు ఎక్కువగా పాడయ్యేది ఇట్లా గిరాకీ ఎదురుగా ఉన్నప్పుడే.

డ్రైవర్ ఎప్పుడైనా ఆ మిషన్ చేసిన కంపెనీ సైట్ నుంచే. క్యానన్‌కి క్యానన్ ఇండియా సపోర్ట్ పేజీ, హెచ్‌పీకి హెచ్‌పీ సపోర్ట్ పేజీ, మోడల్ నంబరు కొట్టి, మీ విండోస్ 32 బిట్టా 64 బిట్టా చూసుకుని దించుకోవాలి. చాలా ప్రింటర్లకు అది కూడా అక్కర్లేదు, నెట్ ఉంటే కేబుల్ పెట్టగానే విండోస్ అప్‌డేట్ తానే తెచ్చుకుంటుంది, లేదంటే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్‌లో చూడండి. వేలిముద్ర మిషన్, డిజిటల్ సంతకం టోకెన్ వాడేవాళ్లు అయితే మరీ జాగ్రత్త, ఆ డ్రైవర్ యూట్యూబ్ వీడియో కింద ఇచ్చిన డ్రైవ్ లింక్ నుంచి, వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో పంపిన జిప్ నుంచి ఎక్కించకండి. ఆ మిషన్ మీద జనం వేలు పెడుతున్నారు. ఒకసారి కంపెనీ సైట్ నుంచి సరైనది దించాక దాన్ని డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో దాచి, మోడల్ పేరు, దించిన తేదీ రాసి పెట్టుకుంటే ఫార్మాట్ కొట్టిన రోజు వెతుకులాట ఉండదు.

ఫైల్ దిగాక, తెరిచే ముందు

సైజు చూడండి. వీఎల్‌సీ 40 ఎంబీ పైన ఉంటుంది, లిబ్రేఆఫీస్ వందల ఎంబీలు. వీఎల్‌సీ అని దిగిన ఫైల్ 2 ఎంబీ ఉంటే అది వీఎల్‌సీ కాదు, వీఎల్‌సీతో పాటు ఇంకేవో తెచ్చే డౌన్‌లోడర్. అయితే చిన్నగా ఉన్నదంతా అనుమానం అనుకోకండి, 7-జిప్ నిజంగానే ఒకటిన్నర ఎంబీ మాత్రమే.

ఫైల్ పేరు చివర చూడండి. ఫైల్ ఏ రకమో చెప్పే ఆ చివరి ముక్కను (దీన్నీ ఎక్స్‌టెన్షన్ అనే అంటారు) విండోస్ మామూలుగా దాచి పెడుతుంది, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ లోకి పోయి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేస్తే “హాల్‌టికెట్ డాట్ పీడీఎఫ్” అనుకున్నది “హాల్‌టికెట్ డాట్ పీడీఎఫ్ డాట్ ఎగ్జీ” అని బయటపడుతుంది. పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఇచ్చి పాస్‌వర్డ్ 1234 అని పక్కనే రాస్తే అక్కడితో ఆపేయండి. అందరికీ చెప్పే పాస్‌వర్డ్ ఎందుకు పెడతారు? యాంటీవైరస్ లోపలికి తొంగి చూడకుండా ఉండటానికి.

అనుమానం వస్తే వైరస్‌టోటల్ సైట్‌కి పోయి ఆ ఫైల్ పెట్టండి, గూగుల్ చేతిలో ఉన్న సైట్ అది, డెబ్బై దాకా యాంటీవైరస్‌లతో ఒకేసారి చూపిస్తుంది. ఒకటో రెండో తెలియని కంపెనీలు ఎరుపు చూపిస్తే పొరపాటు కావొచ్చు. పది పదిహేను చూపించినా, ఆ పేర్లలో యాడ్‌వేర్, పీయూపీ, బండ్లర్, ఇన్‌స్టాల్‌కోర్, ఓపెన్‌క్యాండీ లాంటి మాటలు కనబడినా ఆ ఫైల్ తీసేయండి. ఒక్క మాట, అక్కడ పెట్టినది సెక్యూరిటీ కంపెనీలకు కూడా అందుతుంది, కాబట్టి సెటప్ ఫైళ్లు మాత్రమే పెట్టండి, ఆధార్ స్కాన్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్‌లు అనుమానంగా ఉన్నాయని అందులో పెట్టకండి.

డబుల్ క్లిక్ చేయగానే స్క్రీన్ అంతా మసకబారి “ఈ యాప్ మార్పులు చేయవచ్చా” అని అడిగే పెట్టె వస్తుంది కదా, చాలామంది చదవకుండా ఎస్ కొట్టేది ఇదే. అందులో పబ్లిషర్ అని ఒక లైన్ ఉంటుంది. వీఎల్‌సీ అయితే వీడియోలాన్ అని, ఫైర్‌ఫాక్స్ అయితే మొజిల్లా కార్పొరేషన్ అని, లిబ్రేఆఫీస్ అయితే ది డాక్యుమెంట్ ఫౌండేషన్ అని ఉండాలి. వీఎల్‌సీ ఎక్కిస్తుంటే అక్కడ ఎప్పుడూ వినని ఏదో మీడియా, ఏదో లిమిటెడ్ అని ఉంటే నో కొట్టండి. పసుపు రంగులో తెలియని పబ్లిషర్ అని వస్తే సంతకం లేని ఫైల్ అన్నమాట. 7-జిప్‌కి అట్లాగే వస్తుంది, దాని రచయిత సంతకం పెట్టడు, అందుకే దాన్ని సొంత సైట్ నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ తీసుకోవద్దని అంటాను.

నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్

ఇన్‌స్టాలర్ తెరిచాక చేతి వేగం తగ్గించడమే మందు. ఈ స్క్రీన్లు ఎట్లా ఉంటాయో దగ్గరగా చూద్దాం. మొదటి స్క్రీన్‌లో రెండు గుండ్రాలు. పైన “ఎక్స్‌ప్రెస్, రికమెండెడ్” అని నల్లటి లావు అక్షరాల్లో ముందే ఎంచి ఉంటుంది. కింద “కస్టమ్, అడ్వాన్స్‌డ్” అని, బ్రాకెట్‌లో తెలిసినవాళ్లకు మాత్రమే అని రాసి, బూడిద రంగులో ఉంటుంది, నొక్కినా పనిచేయదేమో అన్నట్టు. అది పనిచేస్తుంది. ఎప్పుడూ అదే ఎంచుకోండి. ఎంచగానే దాని కింద దాక్కున్న టిక్‌లు బయటికి వస్తాయి, ఫలానా సెర్చ్‌ను నా డిఫాల్ట్ చేయి, ఫలానా పేజీని హోమ్‌పేజీ చేయి, ఫలానా స్కానర్ ఎక్కించు. అన్నీ తీసేయండి.

రెండో రకం స్క్రీన్ లైసెన్స్ లాగా ఉంటుంది. పెద్ద పెట్టెలో సన్నటి అక్షరాలు, కింద అగ్రీ, డిక్లైన్. మనకు ఏమనిపిస్తుందంటే డిక్లైన్ కొడితే మనం దించుకున్న ప్రోగ్రామ్ ఎక్కడం ఆగిపోతుందని. ఆగదు. పైన ఎవరి పేరుందో చూడండి. మీరు ఎక్కిస్తున్నది వీడియో కన్వర్టర్, పైన ఉన్నది ఏదో బ్రౌజర్ పేరు, అంటే ఈ అగ్రిమెంట్ ఆ బ్రౌజర్‌ది. ధైర్యంగా డిక్లైన్ కొట్టండి, కన్వర్టర్ మామూలుగానే ఎక్కుతుంది. ఒకవేళ నిజంగానే ఆగిపోయిందంటే అట్లాంటి ప్రోగ్రామ్ మీకు వద్దు.

మూడో రకం మాటల మెలిక. “నాకు ఈ ఆఫర్ వద్దు అనుకోవడం లేదు” అన్నట్టు తిప్పి రాసిన వాక్యం పక్కన టిక్ ఉంటుంది, ఉంచాలో తీయాలో అర్థం కాదు. అర్థం కాని స్క్రీన్ వచ్చినప్పుడు క్యాన్సిల్ కొట్టి బయటికి రండి, పోయేదేమీ లేదు, ఫైల్ అక్కడే ఉంటుంది. ఇంగ్లిష్ రాని వాళ్లు ఫోన్‌లో గూగుల్ లెన్స్ తెరిచి స్క్రీన్ వైపు పెట్టి ట్రాన్స్‌లేట్ నొక్కితే తెలుగులో చూపిస్తుంది. ఆ తెలుగు అంత బాగుండదు గానీ ఇంకో ప్రోగ్రామ్ పేరు ఉందా లేదా అన్నంత వరకు సరిపోతుంది.

చివరి స్క్రీన్‌లో ఫినిష్ పక్కన కూడా టిక్‌లు ఉంటాయి, అక్కడ అలసిపోయి వదిలేస్తాం. చివరిదాకా చూడండి.

విండోస్ కూడా సాయం చేస్తుంది, అడిగితే. విండోస్ సెక్యూరిటీ తెరిచి యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్, అందులో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్, అక్కడ పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్ అని ఉంటుంది. అది ఆన్‌లో ఉందో లేదో ఈరోజే చూడండి, కింద రెండు టిక్‌లూ పెట్టండి. వెంట వచ్చే చెత్తను చాలావరకు అదే ఆపుతుంది.

క్రాక్ గురించి

అను స్క్రిప్ట్ ఫ్రీ, ఫోటోషాప్ ఫ్రీ, విండోస్ యాక్టివేటర్, ఇవి ఫ్రీ సాఫ్ట్‌వేర్ కిందికి రావు. డబ్బు పెట్టి కొనాల్సిన దాని తాళం పగలగొట్టి ఎవరో ఇస్తున్నారు, ఎందుకు ఇస్తున్నారో ఆలోచించాలి. వాటి వెంట వచ్చే సూచనల్లో మొదటిది ఎప్పుడూ “యాంటీవైరస్ ఆఫ్ చేసి ఎక్కించండి”. ఆ మాట చదివిన వెంటనే ఆ విండో మూసేయండి. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు వేసే డీటీపీ వాళ్లకు పాత ఫైళ్లన్నీ అనులో ఉన్నాయి, వాళ్లకు కొనడమే దారి, పని నడిచే సాధనం అది. ఇంట్లో అప్పుడప్పుడు ఫోటో దిద్దుకునే వాళ్లకు జింప్ చాలు, దించుకోవడం కూడా వద్దనుకుంటే ఫోటోపీ అని బ్రౌజర్‌లోనే నడిచేది ఉంది, ఫోటోషాప్ ఫైళ్లు కూడా తెరుస్తుంది.

“ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ చేయండి” అని ఏ సైట్ అడిగినా అబద్ధం, అడోబీ 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్ ముగించేసింది. విండోస్ 7కి తాజా క్రోమ్ ఇస్తామన్నా అబద్ధమే, ఆ విండోస్‌కి క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది. ఇక ఫోన్‌లో అయితే పీఎం కిసాన్ అనో, చలాన్ అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్ ఎవరు పంపినా తెరవకండి, పంపినవాళ్ల ఫోన్ అప్పటికే వేరేవాళ్ల చేతిలో ఉండొచ్చు.

ఇప్పటికే ఎక్కి ఉంటే

సెట్టింగ్స్‌లో యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి తేదీ ప్రకారం వరుస మార్చండి. గోల మొదలైన రోజు ఏమేం ఎక్కాయో ఒకచోట కనబడతాయి, ఒకటి తీసుకుంటే దాని వెంట వచ్చినవన్నీ అదే తేదీ మీద ఉంటాయి. తెలియని పేర్లు తీసేయండి, కానీ ఇంటెల్, రియల్‌టెక్, విజువల్ సీ ప్లస్ ప్లస్ లాంటివి జోలికి పోవద్దు, అవి కావాల్సినవే. తీసేసేటప్పుడు కూడా “నిజంగా వెళ్లిపోతారా, ఉంచండి” అని పెద్ద బటన్ పెడతారు, చిన్న లింకే అసలుది.

తర్వాత బ్రౌజర్. ఎక్స్‌టెన్షన్స్‌లో మీరు పెట్టనివి తీసేయండి, సెర్చ్ ఇంజిన్, స్టార్టప్ పేజీ సరిచేయండి. కింద మూలన లేచే యాడ్స్ చాలాసార్లు ప్రోగ్రామ్‌వి కావు, ఏదో సైట్‌లో అలౌ నొక్కినందుకు వచ్చే నోటిఫికేషన్లు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ తెరిచి అలౌ లిస్టులో ఉన్న తెలియని సైట్లన్నీ తీసేస్తే అప్పటికప్పుడే ఆగిపోతాయి. అన్నీ చేసినా పాత పేజీయే వస్తుంటే డెస్క్‌టాప్ మీద క్రోమ్ గుర్తుపై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టార్గెట్ అన్న గడి చూడండి, అది క్రోమ్ డాట్ ఎగ్జీ దగ్గర ముగియాలి, దాని తర్వాత ఏదైనా వెబ్ అడ్రస్ అంటించి ఉంటే అంతవరకు చెరిపేయండి. క్రోమ్ మెనూలో మీ సొంత సిస్టమ్‌కి “మీ సంస్థ నిర్వహిస్తోంది” అని కనిపిస్తే, వెంట ఎక్కిన చెత్త ప్రోగ్రామ్ క్రోమ్‌కి తన సొంత నియమం (పాలసీ) పెట్టి ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు మాల్‌వేర్‌బైట్స్ సైట్ నుంచి యాడ్‌డబ్ల్యూక్లీనర్ దించి స్కాన్ చేయించండి, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, ఇలాంటి వాటి కోసమే చేసినది, ఫ్రీ. ఆ తర్వాత విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కి పోయి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెడితే సిస్టమ్ రీస్టార్ట్ అయి విండోస్ లేవకముందే వెతుకుతుంది.

ఆ సిస్టమ్‌లో బ్యాంక్, మెయిల్ లాగిన్‌లు వాడి ఉంటే పాస్‌వర్డ్‌లు ఫోన్ నుంచో, శుభ్రంగా ఉన్న వేరే సిస్టమ్ నుంచో మార్చండి, అదే సిస్టమ్‌లో మారిస్తే లాభం లేదు. డబ్బు పోయినట్టు తేలితే ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

షాపు నడిపేవాళ్లు ఇంకో పని చేయాలి. రోజువారీ పనికి స్టాండర్డ్ యూజర్ అకౌంట్ ఒకటి పెట్టి, అడ్మిన్ అకౌంట్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. అప్పుడు పనిచేసే తమ్ముడో చెల్లెనో తొందర్లో ఎస్ కొట్టినా పాస్‌వర్డ్ అడిగి చాలావరకు ఆగిపోతుంది. ఆ పాస్‌వర్డ్ కీబోర్డ్ కింద కాగితం మీద రాసి పెట్టకండి. పెన్‌డ్రైవ్‌లో ఏళ్ల తరబడి మోస్తున్న సెటప్ ఫైళ్లు కూడా ఒకసారి తీసి చూడండి. జిప్ లాంటి ఫైళ్లు విప్పే విన్‌రార్‌లో 2023లో పెద్ద లోపం బయటపడి 6.23 వెర్షన్‌లో సరిచేశారు, అది తనంతట తాను అప్‌డేట్ అవదు, కాబట్టి పాత సెటప్‌తో ఎక్కించిన ప్రతి సిస్టమ్‌లో ఆ లోపం అట్లాగే ఉంటుంది. 7-జిప్ కూడా తనంతట అప్‌డేట్ అవదు. ఆ రెండూ పెన్‌డ్రైవ్ నుంచి తీసేసి, ఎక్కించాల్సిన రోజు సొంత సైట్ నుంచి తాజాది దించుకోండి.